ఫ్యాన్ తిరుగుతోంది సరే, ఎంత తిరుగుతోంది?

(అమెరికాలో ఫీనిక్స్ దగ్గర ఒక ఆర్వీ పార్కులో, అంటే ఇల్లులాంటి బళ్లు నిలిపే చోట, మన తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? వినిపిస్తోంది కదా, సరే.

నిన్న సాయంత్రం నుంచి నన్ను పలకరించినవాళ్లలో నలుగురు ఒకే మాట అడిగారు. "అన్నా, ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ హీటెక్కిపోతోంది, రేడియేటర్ ఫ్యాన్ మోటారు మార్పించేయనా?" అని. నలుగురిదీ అదే ప్రశ్న. అంటే మోటారు పోయిందని మనసులో తీర్పు అయిపోయింది. ఖర్చెంతో తెలుసుకోవడమే మిగిలింది. నేను తిరిగి ఒక్కటే అడిగాను, "ఫ్యాన్ ఎంత స్పీడులో తిరుగుతోందో చూశారా?" అని. ఎవరూ చూడలేదు. "తిరుగుతూనే ఉందండీ" అన్నారు. అవునండీ, తిరుగుతూనే ఉంటుంది. తిరగడం వేరు, సరిపడా తిరగడం వేరు. ఈ రోజు నేను మీకు చెప్పాలనుకున్నది ఈ తేడా గురించే.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి లారీ షెడ్డులో పెరిగినవాణ్ణి. అక్కడి లారీలో ఇంజన్ ముందు, దాని ముందు ఫ్యాన్, దాని ముందు రేడియేటర్. బండి కదిలితే ఎదురుగాలి వచ్చి నేరుగా రేడియేటర్‌కి తగిలేది. ఫ్యాన్ బెల్టు బాగుందా లేదా, చేత్తో నొక్కి చూస్తే తెలిసిపోయేది. మరి మన డీజిల్ పుషర్, అంటే మనం కోచ్ అనే ఈ ఇల్లులాంటి పెద్ద బండి సంగతేమిటి? ఇంజన్ వెనక. మీలో చాలామంది కోచ్‌లలో రేడియేటర్ ఎక్కడుంది? వెనక చక్రాలు దాటాక, పక్కన. సైడ్ రేడియేటర్ అంటాం. అరవై మైళ్ల స్పీడులో వెళ్తున్నా ఎదురుగాలి దానికి తగలదు. వచ్చే గాలి అంతా ఫ్యాన్ లాగాల్సిందే. ఇంజన్ ఒకవైపు తిరిగి ఉంటే రేడియేటర్ ఇంకోవైపు తిరిగి ఉంటుంది, మధ్యలో బెల్టు వేసే వీలు లేదు. అందుకని ఆయిల్‌తో తిప్పుతారు. ఇంజన్ ఒక గేర్ పంపుని తిప్పుతుంది, ఆ పంపు ఆయిల్‌ని ప్రెషర్‌తో తోస్తుంది, ఆ ఆయిల్ ఫ్యాన్ వెనకున్న మోటారుని తిప్పి ట్యాంకుకి తిరిగొస్తుంది. వచ్చే దారిలో ఫిల్టర్ ఉంటుంది. ఈ ఫిల్టర్ వచ్చే దారిలో ఉందన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇది చిన్న ఫ్యాను కాదు. ఒక లెక్క చూడండి. ప్రెషర్ 2,500 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు, నిమిషానికి 20 గ్యాలన్ల ఆయిల్ అనుకోండి. ఈ రెండిటినీ గుణించి 1,714తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. ఎంతొచ్చింది? దాదాపు 29. ఒక ఫ్యాన్ తిప్పడానికి 29 హార్స్‌పవర్ అండీ! అంత తినే ఫ్యాన్‌ని ఎప్పుడూ ఫుల్ స్పీడులో తిప్పితే డీజిల్ ఏమవుతుంది? అందుకే ఎంత వేడి ఉంటే అంత తిరిగేలా మధ్యలో ఒక వాల్వ్ పెట్టారు. ఆ వాల్వ్ తెరుచుకుంటే ఆయిల్ మోటారుకి పోకుండా పక్కదారిన ట్యాంకుకి పోతుంది, ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది. మూసుకుంటే మొత్తం మోటారుకే పోతుంది, ఫ్యాన్ హోరుమంటుంది.

ఈ వాల్వ్‌కి తెరుచుకో, మూసుకో అని చెప్పేదెవరు? పాత కోచ్‌లలో మైనం చెబుతుంది. కూలెంట్ వేడికి లోపలి మైనం కరిగి ఉబ్బుతుంది, ఉబ్బి ఒక పుల్లని ముందుకు తోస్తుంది, ఆ పుల్ల పక్కదారిని మూస్తుంది. తర్వాత వచ్చిన కోచ్‌లలో ఒక కంట్రోలర్ ఉంటుంది. సెన్సార్లు చెప్పింది విని వాల్వ్ మీదున్న సోలినాయిడ్‌కి, అంటే కరెంటుతో వాల్వ్‌ని కదిపే తీగచుట్టకి, కరెంటు పంపుతుంది.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. మెల్లగా వింటారా? మామూలుగా మనం ఏమనుకుంటాం, కరెంటు పెరిగితే ఫ్యాన్ స్పీడు పెరుగుతుందని. చాలా కోచ్‌లలో దానికి తిరకాసు. సోలినాయిడ్‌కి కరెంటు ఎక్కువ పోతే ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది. కరెంటు అసలు లేకపోతే ఫుల్ స్పీడు. ఎందుకలా చేశారంటారు? దారిలో ఒక వైరు తెగిందనుకోండి, ఫ్యూజు పోయిందనుకోండి. ఫ్యాన్ ఆగిపోతే ఇంజన్ పోతుంది. ఫుల్ స్పీడులో తిరిగితే కాస్త డీజిల్ పోతుంది, అంతే. ఇంజన్‌ని కాపాడాలని అలా పెట్టారు.

దీనివల్ల మనకి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి దొరికింది. దాన్ని చెప్పేముందు మీరు నాకో మాట ఇవ్వాలి.

ఈ ఫ్యాన్ ఎప్పుడు ఊపందుకుంటుందో చెప్పలేం. ఇంజన్ నడుస్తున్నంతసేపూ చెయ్యి, చొక్కా కొస, మెడలో చున్నీ, ఏదీ దాని దగ్గరికి పోకూడదు. రెండోది ఇంకా ముఖ్యం. హోస్ నుంచి ఆయిల్ కారుతుంటే ఎక్కడినుంచో చూద్దామని వేలితో తడమకండి. దయచేసి తడమకండి. సూదిమొనంత చిల్లులోంచి వచ్చే ఆయిల్ రెండువేల పీఎస్ఐతో చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. నాతో పనిచేసిన ఒకాయన చూపుడువేలికి అలాగే అయింది. దోమ కుట్టినంత చుక్క, అంతకన్నా ఏమీ కనపడలేదు. నొప్పి కూడా పెద్దగా లేదని గుడ్డతో తుడుచుకుని పని చేసుకున్నాడు. రాత్రికి చెయ్యి వంకాయరంగుకి తిరిగి ఉబ్బింది. సర్జరీ చేసి వేలి కొస తీసేశారు. అట్టముక్క పట్టుకుని చూడండి, చెయ్యి పెట్టొద్దు. ఒకవేళ అలా జరిగితే నొప్పి ఉన్నా లేకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. హై ప్రెషర్ ఆయిల్ చర్మంలోకి పోయిందని ఆ మాటే చెప్పండి, లేకపోతే వాళ్లు కూడా చిన్న గాయం అనుకోవచ్చు. ఇస్తున్నారా మాట? సరే.

అసలు ఫ్యాన్ దాకా వెళ్లకముందే ఒక టార్చిలైటు తీసుకోండి. రేడియేటర్‌కి ఒకవైపు లైటు పెట్టి రెండోవైపు నుంచి చూడండి. వెలుగు కనిపిస్తోందా? మన కోచ్‌లో రేడియేటర్ ఒక్కటే ఉండదు. ఏసీ కండెన్సర్, టర్బో గాలిని చల్లబరిచే కూలర్, రేడియేటర్, ఇవన్నీ పుస్తకంలో పేజీల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. దుమ్ము ఈ పేజీల మధ్యకి పోయి కూర్చుంటుంది. పైపేజీ శుభ్రంగా కనిపిస్తుంది, లోపల గోడ కట్టేసి ఉంటుంది. ఇంజన్ బ్రీదర్ గొట్టం కొసనుంచి సన్నగా ఆయిల్ ఆవిరి వస్తుంటుంది, చూశారా? ఆ జిడ్డు మీద దుమ్ము పడితే మామూలు నీళ్లకి రాదు. నేను ఒక కోచ్‌లో వేలితో గీకితే తారురోడ్డు మీది మడ్డిలాగా వచ్చింది. ఇంజన్ చల్లారాక, అల్యూమినియంకి హాని చెయ్యని డీగ్రీజర్ చల్లి, నానబెట్టి, మామూలు తోట పైపుతో, గాలి పోయే దిశకి ఎదురుదిశలో కడగండి. ప్రెషర్ వాషర్ పెట్టొద్దు, సన్నటి రేకులన్నీ వంగి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. కారే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఆ బ్రీదర్ గొట్టానికి ఇంకో ముక్క తగిలించి, గాలి లాగే దారికి దూరంగా పెట్టండి.

దుమ్ముదా, ఫ్యాన్‌దా, ఎలా తెలుస్తుంది? చెవితో తెలుస్తుంది. ఫ్యాన్ హోరు పెడుతున్నా టెంపరేచర్ ఎక్కుతుంటే గాలిదారి మూసుకుందని అనుమానించాలి. టెంపరేచర్ ఎక్కుతున్నా హోరు లేదంటే ఫ్యాన్ సంగతి చూడాలి. కానీ డ్రైవర్ సీటులో కూర్చుంటే వెనకెక్కడో 35, 40 అడుగుల దూరంలో ఉన్న ఫ్యాన్ మనకి వినిపిస్తుందా? వినిపించదు. నేనేం చేస్తానంటే, ఫోన్లో రికార్డింగు ఆన్ చేసి వెనక బెడ్రూములో మంచం మీద పెడతాను, ఇంజన్ సరిగ్గా దాని కిందే కదా. ఘాట్ ఎక్కేశాక బండి ఆపి వింటాను. ఏ మలుపులో టెంపరేచర్ 205 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందో మా ఆవిడ టైము చూసి కాగితం మీద రాస్తుంది. రెండూ కలిపి వింటే కథంతా అర్థమవుతుంది.

ఇంకోటి, డ్యాష్‌బోర్డు గేజ్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి. ఇంజన్ కంప్యూటర్ ఏం చెబుతోందో స్కానర్‌తో చూడండి. పాతవాటికి ఆరు పిన్నుల ప్లగ్గు, తర్వాతి వాటికి తొమ్మిది పిన్నులది ఉంటుంది. గేజ్ 220 చూపిస్తుంటే కంప్యూటర్ 200 అని చెప్పిన బళ్లు నేను చూశాను. అక్కడ పోయింది గేజ్, ఇంజన్ కాదు.

ఇప్పుడు ఆ పైసా ఖర్చులేని పరీక్షకి వద్దాం. ముందు మీ కోచ్ మాన్యువల్ చూసి, మీది కరెంటు లేకపోతే ఫుల్ స్పీడుకి పోయే రకమేనా అని రూఢి చేసుకోండి. ఇంజన్ ఆపండి. వాల్వ్ మీదున్న సోలినాయిడ్ కనెక్టర్ పీకండి. అందరూ దూరంగా జరిగాక ఇంజన్ స్టార్ట్ చేసి, మెల్లగా ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, పెంచండి. ఇంజన్ చల్లగా ఉన్నా సరే ఫ్యాన్ హోరుమందా? హోరుమంటే పంపు బాగుంది, మోటారు బాగుంది, వాల్వ్ బాగుంది. తప్పు సెన్సార్‌లోనో, వైర్లలోనో, కంట్రోలర్‌లోనో ఉంది. రెంచి కింద పెట్టి మీటర్ పట్టుకోండి. హోరు లేదా? అప్పుడు తప్పు ఆయిల్ వైపు ఉంది. ఒక్క ప్లగ్గు పీకితే సగం అనుమానాలు పక్కకి పోయాయి. ఎవరైనా మీకు మోటారుకి కొటేషన్ ఇస్తే, "ఈ పరీక్ష చేశారా?" అని అడగండి. మర్యాదగానే అడగండి, కానీ అడగండి.

మైనం రకంలో పీకడానికి ప్లగ్గు లేదు. దాన్ని బయటికి తీయగలిగితే, థర్మోస్టాట్‌ని చూసినట్టే వేడినీళ్లలో వేసి పుల్ల కదులుతోందో లేదో చూడాలి.

హోరు అని అంటున్నాను కానీ చెవి కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. ఫ్యాన్ రెక్కకి మెరిసే టేపు ముక్క అంటించి, చేతిలో పట్టుకునే ఫోటో టాకోమీటర్‌తో దూరంనుంచి చూస్తే స్పీడు అంకెల్లో తెలుస్తుంది. ఖరీదైన వస్తువేం కాదు. ఆ అంకె ఎందుకంత ముఖ్యమో చెబుతాను. ఫ్యాన్ స్పీడు సగమైతే గాలి సగమవుతుంది. ప్రెషర్ ఎంతవుతుంది? సగం కాదు, నాలుగోవంతు. తిప్పడానికి కావలసిన శక్తి? ఎనిమిదోవంతు. అందుకే మెల్లగా తిరిగే ఫ్యాన్‌ని చూసి ఏదో తిరుగుతోంది కదా అనుకుంటే, పని దాదాపు జరగనట్టే.

ఒక కోచ్ సంగతి చెబుతాను. కమిన్స్ ఐఎస్ఎల్ ఇంజన్, సైడ్ రేడియేటర్. మన తెలుగాయనదే, ఇద్దరు చిన్నపిల్లలు. లాస్ వేగాస్ వెళ్లేదారిలో రెండుసార్లు ఆగిపోయారు. ఒక షాపువాళ్లు అప్పటికే ఫ్యాన్ మోటారు మార్చేశారు. కొత్త మోటారు వేసినా అదే కథ. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన చాలా దిగులుగా ఉన్నారు, అమ్మేద్దామా అన్నంత దాకా వచ్చారు.

ప్లగ్గు పీకాం, హోరు లేదు. ఇంజన్ 2,000 ఆర్‌పీఎంలో ఉంటే ఫ్యాన్ 1,900 తిరగాలని ఆ కోచ్ కాగితాల్లో ఉంది. టాకోమీటర్ 1,100 చూపించింది. ప్రెషర్ గేజ్ పెట్టాం, 2,400 ఉండాల్సిన చోట 800. ఇప్పుడు మీరు చెప్పండి. మోటారు బిగుసుకుపోయి తిరగలేకపోతుంటే ప్రెషర్ ఎలా ఉండాలి? ఎక్కువ ఉండాలి. ఆయిల్ తోస్తుంటే అది అడ్డుపడుతుంది కదా. ఇక్కడ స్పీడూ తక్కువే, ప్రెషరూ తక్కువే. అంటే ఆయిల్ మోటారు రెక్కలమీద పనిచెయ్యకుండా ఎక్కడో జారుకుంటోంది. ఎక్కడ జారుకుంటోంది? పంపు అరిగి లోపలే తిరిగిపోవచ్చు, వాల్వ్ పక్కదారిన పోవచ్చు, మోటారు లోపల కారిపోవచ్చు. మూడు చోట్లే.

ఆ కోచ్‌లో స్టీరింగుకీ ఫ్యాన్‌కీ పంపు ఒకటే. బండి నిలబెట్టి స్టీరింగు తిప్పి చూశాను, తేలిగ్గా తిరిగింది. పంపు మీద అనుమానం చాలావరకు తగ్గింది. మోటారు నుంచి ట్యాంకుకి పోయే సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది, లోపల కారిన ఆయిల్ దాంట్లోంచి పోతుంది. దాన్ని విప్పి డబ్బాలో పట్టాం, సన్నటి ధారగా వచ్చింది. మోటారు అరిగితే ధార లావుగా దూకేది. మోటారూ బాగుంది. ఇక మిగిలిందేమిటి? వాల్వ్.

వాల్వ్ విప్పి లోపల జరుగుతూ దారి మూసే కడ్డీని, స్పూల్ అంటాం, అరచేతిలోకి తీసుకున్నాను. కొసన, సరిగ్గా కూర్చోవాల్సిన అంచు మీద, ఒక నల్లటి రబ్బరు ముక్క. ఎంత ఉంటుందంటే నువ్వుగింజంత. అంతే. అది అడ్డుపడి వాల్వ్ పూర్తిగా మూసుకోవట్లేదు. ఆయిల్ అక్కడినుంచి జారుకుంటోంది. ఆయన ఆ ముక్కని గోటిమీద పెట్టుకుని చాలాసేపు చూశారు. వేలడాలర్లు పోసి మోటారు మార్పించిన మనిషి, ఏమంటారు పాపం.

తుడిచి పెట్టేస్తే పని అయిపోయిందా? కాలేదు. ఆ ముక్క ఎక్కడినుంచి వచ్చింది? ఫిల్టర్ ఉంది కదా అని మీరు అడగాలి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను. ఫిల్టర్ ట్యాంకుకి తిరిగొచ్చే దారిలో ఉంది. ట్యాంకు నుంచి పంపుకి పోయే హోస్‌లో ఏదైనా ఊడితే, అది ముందు పంపులోకి, తర్వాత వాల్వ్‌లోకి పోయాకే ఫిల్టర్ దాకా వస్తుంది. ఆ హోస్ తీసి నిలువునా కోశాం. బయటినుంచి చూస్తే నిగనిగలాడుతోంది. లోపలిపొర ఉబ్బి, తడిసిన అట్టపెట్టెలాగా పొరలుపొరలుగా లేస్తోంది. హోస్ మార్చాం, ట్యాంకు కడిగాం, ఫిల్టర్, ఆయిల్ కొత్తవి వేశాం. ఫ్యాన్ 1,880. ఆ సాయంత్రమే ఆయన పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లారు.

ఆ హోస్ అలా ఎందుకయింది? నా అనుమానం ఆయిల్ మీద. కొన్ని కోచ్‌లకి 15డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్, కొన్నింటికి ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, కొన్నింటికి హైడ్రాలిక్ ఆయిల్. మీ ట్యాంకు మీద చీటీ ఉంటుంది, లేకపోతే చాసీ మాన్యువల్‌లో ఉంటుంది. ఫలానా స్నేహితుడు ఇది పోశాడని మీరూ అదే పోయకండి. ఇంజన్ ఆయిల్ మార్పిస్తాం, జనరేటర్ ఆయిల్ మార్పిస్తాం, ఈ ట్యాంకు ఫిల్టర్ మాత్రం కోచ్ కొన్నరోజు నుంచి అలాగే ఉంటుంది. ఇక్కడ ఎంతమంది మార్పించారు? ఒకసారి చేతులెత్తండి. ముగ్గురు. చూశారా. ఆయిల్ నురగగా ఉందంటే ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. పంపు సన్నగా కీచుమంటుంటే దానికి ఆయిల్ సరిగ్గా అందట్లేదు, ఆ హోస్‌నే ముందు చూడండి.

దీనికి తలకిందులుగా వచ్చే తంటా కూడా ఉంది. ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడే, పొద్దున్న చలిలో స్టార్ట్ చేసినా హోరే. ఇది తేలిక. కరెంటు అందట్లేదు. ఫ్యూజు, కంట్రోలర్ గ్రౌండు, కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము, ఇవి చూడండి. ఏసీ వేస్తే ఫ్యాన్ పెరగడం కొన్ని కోచ్‌లలో మామూలే, అది తప్పు కాదు.

ఏం తమ్ముడూ, అడుగు. "దారిలో హీటెక్కితే అప్పటికప్పుడు ఏం చెయ్యాలి?" అంటున్నాడు. బాగా అడిగావు. నువ్వు కాలిఫోర్నియా నుంచి వచ్చావు కాబట్టి బేకర్ దగ్గరి ఘాటే తీసుకుందాం. ఐ-15 మీద బేకర్ ఊళ్లో 134 అడుగుల ఎత్తు థర్మామీటర్ నిలబెట్టారు కదా. డెత్ వ్యాలీలో 1913 జూలై 10న నమోదైన 134 డిగ్రీలకి గుర్తుగా ఆ ఎత్తు పెట్టారు. ఆ ఊరు సముద్రమట్టానికి వెయ్యి అడుగుల ఎత్తు కూడా లేదు. అక్కడినుంచి పదిహేడు మైళ్లలో హాలోరాన్ సమ్మిట్, నాలుగువేల అడుగులు. ఏసీ ఆపండని రోడ్డు పక్కన బోర్డులే ఉంటాయి. అక్కడ అందరూ చేసే పని ఏమిటి? ఇంజన్ పాపం కష్టపడుతోందని పై గేరులోనే ఉంచి, 1,400 ఆర్‌పీఎంలో మూలిగిస్తూ ఎక్కిస్తారు. ఫ్యాన్ పంపుని తిప్పేదెవరు? ఇంజన్. ఇంజన్ మెల్లగా తిరిగితే పంపు మెల్లగా, ఆయిల్ తక్కువ, ఫ్యాన్ మెల్లగా. వాటర్ పంపూ అంతే. వేడి ఎక్కువ, చల్లబరిచేది తక్కువ. గేరు దించండి. 2,000 పైన తిరగనివ్వండి. సౌండు పెరుగుతుంది, టెన్షన్ పడకండి. యాక్సిలరేటర్ కాస్త వదిలి, కుడి లేన్‌లో లారీల వెనక మెల్లగా ఎక్కండి. కొలరాడోలో ఐజెన్‌హోవర్ టన్నెల్ దాకా ఎక్కేవాళ్లకి, అది 11,158 అడుగులు, ఇది ఇంకా ముఖ్యం. అక్కడ గాలే సుమారు 30 శాతం పలచన, ఫ్యాన్ ఎంత తిరిగినా లాగే గాలి బరువు తక్కువ.

ఇక ఆపాల్సి వస్తే, కూలెంట్ కారిపోవట్లేదంటే, వెంటనే ఇంజన్ కట్టెయ్యకండి. న్యూట్రల్‌లో 1,200, 1,500 మధ్య తిరగనివ్వండి, ఫ్యాన్ దాన్ని దించుతుంది. రేడియేటర్ మూత మాత్రం తియ్యొద్దు. సగం నీళ్లు సగం కూలెంట్ కలిపింది 15 పౌండ్ల ప్రెషర్ పట్టే మూత కింద దాదాపు 265 డిగ్రీల దాకా మరగదు. మూత తీస్తే ఆ ప్రెషర్ పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదికి వస్తుంది.

ఇంకా చెప్పాల్సింది మాటలతో అయ్యేది కాదు. బయట మూడో వరసలో నా కోచ్ వెనక తలుపు తీసి ఉంచాను, ఇంజన్ పొద్దుటి నుంచి చల్లగానే ఉంది. సోలినాయిడ్ ప్లగ్గు ఎక్కడుందో, ఆ సన్నటి గొట్టం ఏదో చూపిస్తాను. టార్చిలైట్లు ఉన్నవాళ్లు తెచ్చుకోండి, పిల్లల్ని మాత్రం ఇటు చెట్టుకింద కూర్చోబెట్టండి.